బి.ఎస్సీ. గణితం: ఆబిడ్స్, నాంపల్లి కళాశాలల్లో పట్టాకు కావలసినవి

మాటల్లో ‘మాథ్స్ డిగ్రీ’ అని అందరూ అంటారు గానీ, ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిధిలో మూడేళ్ల బి.ఎస్సీ. పట్టా సాధారణంగా మూడు శాస్త్రాల ఉమ్మడి పట్టా. గణితం అందులో ఒక వాటాదారు మాత్రమే. 2019–20లో అమల్లోకి వచ్చిన ప్రణాళిక ప్రకారం విద్యార్థి ఆరు సెమిస్టర్లలో 150 క్రెడిట్లు సంపాదించాలి. వాటిలో గణితానివి 30. అంటే గణితం మీద ఇష్టంతో చేరిన పిల్లవాడు కూడా తన చదువులో ఐదో వంతు మాత్రమే గణితానికి ఇచ్చి, మిగతా నాలుగు వంతులూ ఇతర పాఠాలకు ఇస్తేనే ‘గణితం పట్టభద్రుడు’ అవుతాడు. హైదరాబాద్ నడిబొడ్డున ఆబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల ఉన్న కళాశాలల్లో ఈ చదువు ఎలా రూపుదిద్దుకుంది, పట్టా పూర్తికి ఏమేం కావాలి, ఆ నిబంధనల వల్ల గణితానికి ఒరిగిందేమిటి, తరిగిందేమిటి అన్నది ఈ వ్యాసం చర్చిస్తుంది.

ప్రాంతం, కళాశాలలు

ఆబిడ్స్ చౌరస్తా నుంచి గన్‌ఫౌండ్రీ మీదుగా బషీర్‌బాగ్ వైపు నడిస్తే నిజాం కళాశాల వస్తుంది. 1887లో హైదరాబాద్ స్కూలును, మదర్సా-ఎ-ఆలియాను కలిపి దీన్ని ఏర్పాటు చేశారు. మొదటి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ చటోపాధ్యాయ. ఎడింబరో విశ్వవిద్యాలయం నుంచి డి.ఎస్సీ. పుచ్చుకుని వచ్చిన రసాయన శాస్త్రజ్ఞుడాయన. ఆయన ఇల్లు ‘గోల్డెన్ త్రెషోల్డ్’ నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఉంది. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం స్థాపితమైనప్పుడు, గచ్చిబౌలికి తరలక ముందు, మొదట పనిచేసింది ఆ ఇంట్లోనే.

తన పెద్ద కూతురు గణితవేత్తో శాస్త్రజ్ఞురాలో కావాలని అఘోరనాథ్ కోరిక. పదకొండేళ్ల వయసులో ఆ అమ్మాయి బీజగణితం లెక్క ఒకటి ఎంతకీ తెగక తల పట్టుకుని కూర్చుంటే, లెక్కకు బదులు కవిత వచ్చిందట. ఈ సంగతి ఆమే తర్వాత ఒక ఉత్తరంలో రాసుకుంది. ఆమె సరోజినీ నాయుడు. చిత్రమేమిటంటే, ఆమె పేరుతో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో వెలసిన సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయంలో ఈనాడు బీజగణితం చదివి పట్టా పుచ్చుకునే అమ్మాయిలు బ్యాచ్ తర్వాత బ్యాచ్‌గా బయటికి వస్తున్నారు. ఆ కళాశాలను నడిపే ఎగ్జిబిషన్ సొసైటీకీ చదువుకూ మొదటి నుంచీ చుట్టరికం ఉంది. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన నుమాయిష్ 1946లో ఇప్పటి మైదానానికి మారింది. ఏటా జనవరి 1 నుంచి నెలన్నర పాటు సాగే ఆ ప్రదర్శన మీద వచ్చే ఆదాయంతో సొసైటీ విద్యాసంస్థలు నడుపుతోంది.

నాంపల్లిలోనే ఇందిరా ప్రియదర్శిని ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల ఉంది. కాస్త అవతల, మల్లేపల్లిలో అన్వరుల్ ఉలూమ్ కళాశాల ఉంది. ఆబిడ్స్ నుంచి కోఠీ వైపు వెళితే, 1924లో మొదలై బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలో దశాబ్దాల పాటు నడిచిన మహిళా కళాశాల, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో విశ్వవిద్యాలయంగా మారింది. నిజాం కళాశాల, ఇందిరా ప్రియదర్శిని కళాశాల స్వయంప్రతిపత్తి గలవి కనుక తమ పాఠ్యప్రణాళికా మండళ్ల ద్వారా కొంత మార్చుకునే వీలుంది. అయినా అస్థిపంజరం అన్నిచోట్లా ఉస్మానియాదే.

డిగ్రీ విద్యార్థి బతుకులో ముందూ వెనకా ఎదురయ్యే రెండు కార్యాలయాలు కూడా ఈ పేటలోనే ఉన్నాయి. డిగ్రీలో చేరడానికి కావలసిన మార్కుల మెమో ఇచ్చే ఇంటర్మీడియట్ బోర్డు నాంపల్లి విద్యాభవన్‌లో ఉంది. డిగ్రీ అయ్యాక కొలువుకు పరీక్ష పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్ మొజంజాహి మార్కెట్ రోడ్డులో, ప్రతిభా భవన్‌లో ఉంది.

మద్రాసు నిబంధనల కాలం

నిజాం కళాశాల 1947 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. ఆ ఏడే ఉస్మానియాలో కలిసింది. అరవై ఏళ్ల పాటు ఇక్కడి విద్యార్థి ఏ పేపర్లు రాయాలో, ఎందులో తప్పితే ఆగిపోవాలో తేల్చింది మద్రాసే. మెట్రిక్యులేషన్ తర్వాత రెండేళ్ల ఎఫ్.ఏ. (ఫస్ట్ ఆర్ట్స్), ఆ పైన బి.ఏ. అన్నది ఆనాటి క్రమం. ఎఫ్.ఏ.లో ఆంగ్లం, ఒక భాష, చరిత్ర, శరీరధర్మ శాస్త్రం, గణితం అన్నీ గట్టెక్కాలి. ఒక్కదానిలో తప్పినా మొత్తం తప్పినట్టే.

ఆ నిబంధన ఎంత మొండిదో చెప్పడానికి అందరికీ తెలిసిన సాక్ష్యం ఉంది. నిజాం కళాశాల పుట్టిన 1887లోనే పుట్టిన శ్రీనివాస రామానుజన్ 1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఎఫ్.ఏ.లో చేరాడు. ఆంగ్లంలో తప్పి ఉపకార వేతనం పోగొట్టుకున్నాడు. 1906లో మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరినా శరీరధర్మ శాస్త్రం అడ్డుపడింది. 1907లోనూ పరీక్ష పోవడంతో కళాశాల చదువు అక్కడితో ముగిసింది. బి.ఏ. పట్టా చివరికి 1916లో కేంబ్రిడ్జ్ ఇచ్చింది, అదీ చేసిన పరిశోధనను చూసి. రామానుజన్‌ను ఆపిన నిబంధనల పుస్తకమే అదే ఏళ్లలో నిజాం కళాశాల తరగతి గదుల్లోనూ అమల్లో ఉండేది. గణితం పట్టాకు గణితమొక్కటీ చాలదన్న సూత్రం అప్పటిదే. ఇప్పటికీ మారలేదు, మెత్తబడింది.

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలినాళ్లలో నిజాం కళాశాల పక్క భవనాల్లోనే నడిచింది. అలా పక్కపక్కనే రెండు లోకాలుండేవి. ఇటు మద్రాసు సిలబస్, ఆంగ్ల బోధన. అటు ఉర్దూ బోధన. ఉన్నత గణితాన్ని భారతీయ భాషలో చెప్పాలంటే ముందు పుస్తకాలు కావాలి కనుక, 1917లోనే అనువాద సంస్థ దారుల్ తర్జుమా ఏర్పడి ఇతర శాస్త్రాలతో పాటు గణిత గ్రంథాలనూ ఉర్దూలోకి తెచ్చింది. ఆంగ్లం మాత్రం తప్పనిసరి పాఠంగా ఉండేది. ఉర్దూలో గణితం చదివితే బయటి ప్రపంచంలో చెల్లుతుందా అన్న సందేహానికి రజియుద్దీన్ సిద్దిఖీ జవాబు. ఉస్మానియాలో పట్టా పుచ్చుకుని కేంబ్రిడ్జ్ వెళ్లి, ఆ పైన లైప్‌జిగ్‌లో భౌతిక శాస్త్రజ్ఞుడు హైసెన్‌బర్గ్ దగ్గర డాక్టరేట్ చేసి, తిరిగి వచ్చి ఉస్మానియాలోనే గణితం బోధించాడు. తెలుగులో డిగ్రీ గణిత పుస్తకాలు రావడానికి 1968లో తెలుగు అకాడమి ఏర్పడేదాకా ఆగవలసి వచ్చింది. అకాడమి పుస్తకాలు జిల్లాల్లో ఎందరికో ఆసరా అయ్యాయి గానీ, ఈ పేటలో ఇప్పుడు గణితం దాదాపు ఆంగ్లంలోనే సాగుతోంది.

చేరడానికి

ఇంటర్మీడియట్‌లో గణితం చదివి ఉండాలి. ఎం.పి.సి. విద్యార్థికి రెండేళ్లలో వెయ్యి మార్కులుంటే గణితానికి 300. ఒక్కొక్కటి 75 చొప్పున 1ఏ, 1బీ, 2ఏ, 2బీ అనే నాలుగు పేపర్లు. ప్రవేశాలు 2016 నుంచి ‘దోస్త్’ అనే ఉమ్మడి ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నాయి. అంతకుముందు ఒక్కో కళాశాల గేటు దగ్గర దరఖాస్తు కోసం నిలబడేవారు. ఇప్పుడు కళాశాలనూ గ్రూపునూ ప్రాధాన్య క్రమంలో పెట్టుకుని సీటు కోసం ఎదురుచూస్తున్నారు.

ఇక్కడే ఒక చిన్న నిర్ణయం మూడేళ్లను శాసిస్తుంది. గణితంతో పాటు ఏ రెండు? పాత ఎం.పి.సి.లో భౌతిక, రసాయన శాస్త్రాలు ఉంటాయి. ఎం.పి.సి.ఎస్.లో రసాయనం పోయి కంప్యూటర్లు వస్తాయి. ఎం.ఎస్.సి.ఎస్.లో సాంఖ్యక శాస్త్రం, కంప్యూటర్లు ఉంటాయి. గిరాకీ కంప్యూటర్ ఉన్న గ్రూపులకే. అయితే గణితం దృష్టితో చూస్తే తోటి పాఠం ఏదన్నది వట్టి కాలక్షేపం విషయం కాదు. భౌతికశాస్త్రం పక్కన ఉంటే అవకలన సమీకరణాలు కంపించే తీగలోనూ విద్యుత్ వలయంలోనూ కళ్లకు కడతాయి. సాంఖ్యకం పక్కన ఉంటే మాతృకలు, సమాకలనాలు రోజూ పనికొస్తాయి. మన రాష్ట్రాల్లో గణితం నుంచి సాంఖ్యకానికి వెళ్లి శిఖరం చేరినవాడు సి.ఆర్. రావు. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి, ఆ తర్వాతే కలకత్తాలో సాంఖ్యకం ఎం.ఏ. చేశాడు. మనసులో ఎం.ఎస్సీ. గణితం ఉన్నవాళ్లు గ్రూపు ఎంచుకునేటప్పుడు గిరాకీ కంటే ఈ సంగతి చూసుకోవడం మంచిది.

క్రెడిట్ల లెక్క

2016–17లో తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో వార్షిక పరీక్షల పద్ధతి పోయి, సెమిస్టర్లతో కూడిన సి.బి.సి.ఎస్. (చాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమ్) వచ్చింది. 2019 నాటి చట్రంలో సెమిస్టర్‌కు 25 చొప్పున మొత్తం 150 క్రెడిట్లు. మూడు ఐచ్ఛికాలకు, అంటే గ్రూపులోని మూడు శాస్త్రాలకు, ఒక్కొక్క సెమిస్టర్‌లో ఐదేసి క్రెడిట్లు. గణితంలో ఆ ఐదు, పాఠానికి నాలుగు, ప్రాక్టికల్‌కు ఒకటిగా విడిపోతాయి. ఆరు సెమిస్టర్లకు ఒక్కో ఐచ్ఛికానికి 30, మూడింటికీ కలిపి 90. ఆంగ్లం ఆరు సెమిస్టర్లలోనూ ఉంటుంది. మొదటి ఏడాది నాలుగేసి, తర్వాత మూడేసి క్రెడిట్లతో మొత్తం 20. తెలుగో, హిందీయో, ఉర్దూయో, సంస్కృతమో, ఎంచుకున్న రెండో భాషకు మరో 20. పర్యావరణం, కంప్యూటర్ పరిచయం వంటి వాటికి 4, నైపుణ్య పాఠాలకు 8, ఇతర శాఖల నుంచి తీసుకునే పాఠానికి 4, చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు లేదా దాని బదులు పేపరుకు 4.

కూడితే తేలేది ఏమిటంటే, రెండు భాషలకూ కలిపి 40 క్రెడిట్లు, గణితానికి 30. దీన్ని తప్పని కొట్టిపారేయలేం. నిరూపణ రాయడం వాక్యం రాయడమే. వాక్యం కుదరనివాడికి నిరూపణ కూడా కుదరదు. ఇబ్బంది ఎక్కడంటే, ఆ ఇరవై క్రెడిట్ల ఆంగ్లం గణితం రాయడాన్ని నేర్పదు. రెండో భాషను చాలామంది మార్కులు ఎక్కువ పడతాయని ఎంచుకుంటారు తప్ప చదవాలని కాదు. మార్కుల కోసం సంస్కృతం తీసుకుని, దాన్ని ఆంగ్ల లిపిలో బట్టీ పట్టే దృశ్యం ఇంటర్‌లోనే మొదలవుతుంది.

నైపుణ్య పాఠాల కింద గణిత విభాగాలు ‘తర్కం, సమితులు’, ‘సమీకరణాల సిద్ధాంతం’, ‘సంఖ్యా సిద్ధాంతం’ వంటి చిన్న పేపర్లు పెట్టాయి. రెండేసి క్రెడిట్లవి. పేరు నైపుణ్యమే అయినా అసలు గణితం కొంత ఇక్కడ దొడ్డిదారిన లోపలికి వచ్చింది. ‘తర్కం, సమితులు’ నిజానికి మొదటి సెమిస్టర్‌లో, మిగతా అన్నింటి కంటే ముందు ఉండవలసిన పాఠం. క్రెడిట్ల సంఖ్యను ప్రభుత్వం, ఉన్నత విద్యా మండలి అప్పుడప్పుడూ సవరిస్తుంటాయి కనుక ఏ విద్యార్థికైనా తాను చేరిన సంవత్సరపు నిబంధనలే వర్తిస్తాయి.

ఆరు పేపర్లు

పట్టాకు కావలసిన గణితమంతా ఆరు సెమిస్టర్ల ఆరు పేపర్లలో ఉంది. అవకలన, సమాకలన గణితం, అవకలన సమీకరణాలు, వాస్తవ విశ్లేషణ, బీజగణితం, రేఖీయ బీజగణితం, చివరికి ఐచ్ఛికంగా సంఖ్యాత్మక విశ్లేషణ. చివరిదానికి బదులు సమాకలన పరివర్తనాలో, ఘన జ్యామితో తీసుకోవచ్చు. 2016కు ముందు వార్షిక పద్ధతిలో మొదటి ఏడాది అంతా అవకలన సమీకరణాలు, ఘన జ్యామితి. తలాలు, గోళాలు, శంకువులు గీసి గీసి చేతులు నొప్పిపుట్టిన తరం అది. ఆ ఘన జ్యామితి ఇప్పుడు చివరి సెమిస్టర్‌లో, కావాలంటే తీసుకునే పేపరుగా మిగిలింది.

మొదటి రెండు సెమిస్టర్లలో కొత్తదనం తక్కువ. ఇంటర్‌లో చేసిన కలనాన్నే రెండు చలరాశులకు, వక్రతలకు, పొడవులకు, ఘనపరిమాణాలకు పెంచుతారు. శాంతి నారాయణ్ పుస్తకాలు ఇంకా చెలామణిలో ఉన్నాయి. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షల వేగంతో లెక్క తెంచడం అలవాటైన పిల్లలకు ఈ ఏడాది హాయిగా గడిచిపోతుంది.

మూడో సెమిస్టర్ వాస్తవ విశ్లేషణ దగ్గర గాలి మారుతుంది. 1/n అనే అనుక్రమం 0కు చేరుతుందని ఇంటర్‌లోనే తెలుసు. ఇక్కడ అడిగేది వేరు. ఎవరో ఎంత చిన్న ఎప్సిలాన్ ఇచ్చినా, ఏ పదం నుంచి మొదలుపెట్టి తేడా దానికంటే తగ్గుతుందో చూపించు, ఆ చూపించినది ఎందుకు చెల్లుతుందో చెప్పు. అంత స్పష్టంగా తెలిసిన దాన్ని నిరూపించడమేమిటని చాలామందికి చిరాకు. కెన్నెత్ రాస్ రాసిన పాఠ్యగ్రంథం ఆ చిరాకును ఎరిగి రాసినట్టుంటుంది. వాస్తవ సంఖ్యల సంపూర్ణత్వం, అంటే 2 వర్గమూలం దగ్గర అకరణీయ సంఖ్యల్లో ఉండే ఖాళీ వాస్తవ సంఖ్యల్లో ఉండదన్న సంగతి, దాని మీదే అవిచ్ఛిన్నత సిద్ధాంతాలన్నీ నిలబడటం, సంవృతాంతరంలో అవిచ్ఛిన్న ప్రమేయం తన గరిష్ఠాన్ని అందుకోవడం అన్నీ ఈ పేపరులోనే ఉన్నాయి. మూడేళ్లలో విద్యార్థి గణితం వైపు ఉంటాడా, వెళ్లిపోతాడా తేలేది ఇక్కడే. ఒక సెమిస్టర్ దీనికి చాలదు. తరగతిలో దొరకని ఈ అలవాటును నేర్పడానికే 1993లో ఎస్. కుమరేశన్ ఎం.టి.టి.ఎస్. అనే వేసవి శిక్షణ మొదలుపెట్టారు. ఆయన తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. గుర్తుపెట్టుకున్న నిరూపణను వల్లించడానికి వీల్లేకుండా ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి చెప్పించడం అక్కడి పద్ధతి.

నాలుగో సెమిస్టర్ బీజగణితం: సమూహాలు, వలయాలు, క్షేత్రాలు. పాఠ్యగ్రంథం జోసెఫ్ గాలియన్‌ది. ఉపసమూహం పరిమాణం సమూహం పరిమాణాన్ని నిశ్శేషంగా భాగిస్తుందన్న లగ్రాంజ్ సిద్ధాంతం ఈ పేపరుకు ఆయువుపట్టు. ‘ఇదంతా ఎందుకు పనికొస్తుంది సార్’ అన్న ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. గాలియన్ ఇచ్చే జవాబుల్లో ఒకటి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పరిచే పాత పుస్తకాల వెనక అట్టమీద దొరుకుతుంది. 2007కు ముందు అచ్చయిన పుస్తకానికి పది స్థానాల ఐ.ఎస్.బి.ఎన్. ఉంటుంది. కొన్నింటికి చివర అంకెకు బదులు ఎక్స్ అనే అక్షరం కనిపిస్తుంది. ఎడమ నుంచి అంకెలను వరసగా 10, 9, 8 ఇలా 1 దాకా గుణించి కూడితే మొత్తం 11తో నిశ్శేషంగా భాగింపబడాలి. చివరి అంకెను అందుకు సరిపడేలా పెడతారు. అది పది అయితే ఎక్స్ వేస్తారు. 11 ప్రధాన సంఖ్య. అందుచేత 11 మాపకంగా లెక్కపెట్టే సంఖ్యలు క్షేత్రమవుతాయి, రెండు శూన్యేతర సంఖ్యల లబ్ధం శూన్యం కాదు. అందువల్లే ఒక అంకె తప్పు పడినా, రెండు అంకెలు తారుమారైనా ఈ సంఖ్య పట్టేస్తుంది. 2007 నుంచి వచ్చిన పదమూడు స్థానాల సంఖ్య 10 మాపకంగా, 1, 3 గుణకాలతో నడుస్తుంది. 10 ప్రధాన సంఖ్య కాదు. కాబట్టి పక్కపక్కన ఉన్న 1, 6 తారుమారైతే అది పట్టుకోలేదు. వలయానికీ క్షేత్రానికీ తేడా ఏమిటని అడిగితే నిర్వచనం అప్పజెప్పే విద్యార్థికి ఈ రెండు అట్టలూ చూపిస్తే చాలు.

రేఖీయ బీజగణితం ఐదో సెమిస్టర్‌ది, డేవిడ్ లే పుస్తకంతో. ఈ ఆరింటిలో ఉద్యోగపు బజారులో విలువ కట్టేది ఎక్కువగా దీనికే. కంప్యూటర్ గ్రూపు వాళ్లు కూడా ఐగెన్ విలువల దగ్గర చెవులు రిక్కిస్తారు. అప్పటికే సమూహాలు, క్షేత్రాలు చదివి ఉంటారు కనుక సదిశాంతరాళం నిర్వచనం వాళ్లను భయపెట్టదు.

సంఖ్యాత్మక విశ్లేషణ తేలిక పేపరని పేరుంది. నిజానికి ఇందులో ఒక లెక్క చేసి చూస్తే చాలా చరిత్ర పలుకుతుంది. 2 వర్గమూలానికి న్యూటన్–రాఫ్సన్ పద్ధతిలో 1తో మొదలుపెడితే వరసగా 3/2, 17/12, 577/408 వస్తాయి. మూడో మెట్టు విలువ 1.414216. అసలు విలువతో ఐదు దశాంశ స్థానాలు సరిపోతాయి. బౌధాయన, ఆపస్తంబ శుల్బసూత్రాలు 2 వర్గమూలానికి ఇచ్చిన విలువ సరిగ్గా ఈ 577/408. వాళ్లు ఏ దారిన అక్కడికి చేరారన్న దాని మీద పండితులకు వాదాలున్నాయి. భిన్నం మాత్రం అదే.

ఈ ఆరింటిలో లేనివి కూడా చూడాలి. సంకీర్ణ విశ్లేషణ లేదు. సంస్థితి శాస్త్రం లేదు. సంభావ్యత సాంఖ్యకం తీసుకున్నవారికే. కేంబ్రిడ్జ్‌లో మూడేళ్లూ గణితమే చదివే విద్యార్థికి ఇవన్నీ డిగ్రీలోనే అందుతాయి. ఇక్కడ ఎం.ఎస్సీ. దాకా ఆగాలి. అసలు ‘గణితం ప్రధానం’ అన్న మాట మన దగ్గర నిజమయ్యేది ఎం.ఎస్సీ.లోనే.

ప్రాక్టికల్, హాజరు, బ్యాక్‌లాగులు

గణితానికి ప్రాక్టికల్ ఏమిటని బయటివాళ్లు నవ్వుతారు. ఒక్కో పేపరు సిలబస్ చివర యూనిట్ల వారీగా లెక్కల ప్రశ్ననిధి ఇస్తారు. వాటిని తరగతిలో కూర్చుని చేసి, రికార్డు రాసి, సెమిస్టర్ చివర విడిగా పరీక్ష రాయాలి. ఉద్దేశం మంచిదే. లెక్కను విద్యార్థి తన చేత్తో తెంచాలన్నది. అయితే పరీక్షకు వచ్చేవి ముందే అచ్చయి ఉంటే ఏమవుతుందో ఊహించడానికి గణితం అక్కర్లేదు. కోఠీ పుస్తకాల షాపుల్లో ప్రశ్ననిధికి జవాబులు సిద్ధంగా దొరుకుతాయి.

ప్రతి పేపరులో కొన్ని మార్కులు ఇంటర్నల్ పరీక్షలకు, అసైన్‌మెంట్లకు పోను ఎక్కువ భాగం సెమిస్టర్ చివరి పరీక్షకు. ఉత్తీర్ణతకు 40 శాతం రావాలి. హాజరు 75 శాతం ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే వైద్య కారణాలు చూపి, రుసుము కట్టి మినహాయింపు అడగవచ్చు. అంతకన్నా తగ్గితే డిటెయిన్. పేపరు పోతే బ్యాక్‌లాగ్‌గా తర్వాత రాసుకోవచ్చు గానీ దానికీ హద్దుంది. మూడో సెమిస్టర్‌కు వెళ్లాలంటే మొదటి రెండింటి 50 క్రెడిట్లలో సగం, ఐదో సెమిస్టర్‌కు వెళ్లాలంటే నాలుగింటి 100లో సగం సంపాదించి ఉండాలి. మద్రాసు కాలపు నిబంధన మెత్తబడిందని పైన అన్నది ఇందుకే. ఆంగ్లంలో తప్పినవాడు ఇప్పుడు గణితం తరగతిలో ముందుకు కదలగలడు. పట్టా మాత్రం ఆ ఆంగ్లం గట్టెక్కాకే.

పొరుగున, పైన, బయట

ఆంధ్రప్రదేశ్ 2023–24లో వేరే దారి పట్టింది. మూడు ఐచ్ఛికాల పద్ధతిని వదిలి ‘సింగిల్ మేజర్’ తెచ్చింది. గణితం మేజర్‌గా, ఇంకొకటి మైనర్‌గా చదవాలి. ఆ ప్రణాళికలో మొదటి సెమిస్టర్ శాస్త్రాలన్నింటికీ ఉమ్మడి పాఠాలతో గడిచి, రెండో సెమిస్టర్ నుంచి అసలు గణితం మొదలవుతుంది. ఘన జ్యామితి అక్కడ మళ్లీ గౌరవంగా వెనక్కి వచ్చింది, సమూహాలకూ వలయాలకూ వేర్వేరు పేపర్లు వచ్చాయి. ఒకే రాష్ట్రంగా ఉన్నప్పుడు ఒకే పుస్తకం చదివిన రెండు ప్రాంతాల పిల్లల పట్టాలు ఇప్పుడు పేరుకే ఒకటి.

దీని వెనక ఉన్నది యూజీసీ 2022లో ప్రకటించిన చట్రం. అందులో మూడేళ్ల పట్టాకు కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. మూడేళ్లలో మేజర్‌కు 60, మైనర్‌కు 24. అంటే ప్రధాన పాఠం సగం. ఉస్మానియా లెక్కలో అది ఐదో వంతు. నిర్ణయం చేయవలసినవాళ్లు ఈ రెండు భిన్నాలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. సగం మరీ ఎక్కువని, పద్దెనిమిదేళ్లకే ఒకే గాటికి కట్టేయడం మంచిది కాదని వాదించేవారి మాటలో బలముంది, ముఖ్యంగా ఉద్యోగం కోసం డిగ్రీ చదివే నాంపల్లి విద్యార్థినుల విషయంలో. వాళ్లలో చాలామందికి మూడు శాస్త్రాలు మూడు తలుపులు. కానీ గణితం కోసమే వచ్చిన కొద్దిమందికి ఆ సగం వాటా తీసుకునే వెసులుబాటు కూడా లేకపోవడం మాత్రం లోపమే.

అమెరికా పద్ధతి రెంటికీ మధ్యలో ఉంటుంది. నాలుగేళ్లలో సుమారు 120 క్రెడిట్లు. మొదటి ఏడాదో రెండేళ్లో సాహిత్యం, చరిత్ర, శాస్త్రాలు కలగలిపి చదివి, తర్వాత మేజర్ ప్రకటించుకుంటారు. గణితం మేజర్‌కు కలనం వరస, రేఖీయ బీజగణితం, విశ్లేషణ, అమూర్త బీజగణితం, వాటి మీద కొన్ని ఐచ్ఛికాలు. ఉస్మానియా ఆరు పేపర్ల జాబితాతో పోలిస్తే పేర్లు దాదాపు అవే, ఐచ్ఛికాల దగ్గర మాత్రం వాళ్లది పొడుగు. అక్కడ పైచదువుకు దరఖాస్తు పెట్టే ఇక్కడి పట్టభద్రులకు రెండు చిక్కులు. కొన్ని విశ్వవిద్యాలయాలు నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి. మిగిలినవి పేపరు పేపరుగా విడమరిచిన ట్రాన్స్‌క్రిప్టు చూసి గణితం ఎంత చదివారో తూకం వేస్తాయి. అందుకే ఎం.ఎస్సీ. కూడా ఇక్కడే చేసి వెళ్లేవారే ఎక్కువ.

పట్టా తర్వాత

ఎం.ఎస్సీ.కి ఉస్మానియా నిర్వహించే సీపీగెట్ రాయాలి. తొంభై నిమిషాల్లో వంద ప్రశ్నలు. సిలబస్ ఆ ఆరు పేపర్ల లోపలే. ఐ.ఐ.టి.ల ఎం.ఎస్సీ.కి జామ్ పరీక్ష మూడు గంటలు, 60 ప్రశ్నలు. ఇక్కడ వేగం కంటే ఆలోచన పనిచేస్తుంది, మూడో సెమిస్టర్ విశ్లేషణను దాటవేసినవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. బడిపంతులు కావాలంటే ఎడ్‌సెట్ రాసి బి.ఎడ్., ఆపైన టెట్, డీఎస్సీ. జూనియర్ లెక్చరర్‌కు ఎం.ఎస్సీ. ఉండాలి, ఆ నియామకాలు పబ్లిక్ సర్వీస్ కమిషన్ చేతిలో ఉన్నాయి. ఐసెట్ రాసి ఎం.సి.ఏ.కు మళ్లేవాళ్లు కంప్యూటర్ గ్రూపుల్లో ఎక్కువ.

చివరి సెమిస్టర్ ఫలితాలొచ్చాక కాగితాల పని మొదలవుతుంది. ఆరు సెమిస్టర్ల మెమోలు, అన్నీ కలిపిన కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్, కళాశాల నుంచి టీసీ. అసలు పట్టాకు విడిగా దరఖాస్తు చేసుకోవాలి. ఉస్మానియాలోనే ఎం.ఎస్సీ.లో చేరేవారికి ఇవి చాలు. మరో విశ్వవిద్యాలయంలో చేరాలంటే, అది పది మైళ్ల దూరంలో గచ్చిబౌలిలో ఉన్నదే అయినా, మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకోవాలి.